ఇంగ్లీషులో మాట్లాడితే వేరే మనిషిలా ఎందుకు ఉంటాం?

తెలుగులో చిన్న మాటకే కోపం వచ్చే మీరు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు నిమ్మళంగా ఉంటున్నారని, ఇది నటనేమోనని అడిగారు. నటన కాదు. ఉద్యోగంలో నాకిది రోజూ కనిపించేది.

హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో లోన్ కలెక్షన్స్ చేసేదాన్ని. ఈఎంఐ బౌన్స్ అయినవాళ్లకు ఫోన్ చేసి ఎప్పుడు కడతారని అడగడం పని. ఇంగ్లీషులో నడిచిన కాల్‌లో అవతలివాళ్లు ఒక తేదీ చెప్పి పెట్టేసేవారు. తెలుగులోకి దిగామంటే, "ఏమ్మా, ఎగ్గొట్టి పారిపోయేవాళ్లలా కనిపిస్తున్నామా?" అని గొంతు లేచేది. డబ్బు సంగతి పక్కకు పోయి పరువు సంగతి వచ్చేది. నాకూ ఒళ్లు మండేది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు డబ్బు వెసులుబాటు ఉంటుంది, అందుకే తేలిగ్గా తీసుకుంటారు అనొచ్చు. అదీ కొంత నిజమే. కానీ ఒకే మనిషి, ఒకే కాల్‌లో, భాష మారగానే మారిపోవడం చాలాసార్లు విన్నాను. ఇంట్లో ఆపరేషన్ అయిందనో, జీతం ఆగిందనో అసలు కారణం బయటపడేది కూడా తెలుగులోకి వచ్చాకే.

దీనిమీద పరిశోధనలు ఉన్నాయి. టర్కిష్ మాతృభాషగా ఉండి, తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకు చిన్నప్పుడు పెద్దవాళ్లు తిట్టే తరహా మాటలు రెండు భాషల్లోనూ వినిపించి, మనసు కదిలినప్పుడు చర్మంలో వచ్చే మార్పును కొలిచారు. 2003లో వచ్చిన ఆ ఫలితాల్లో, సొంత భాషలో తిట్లు విన్నప్పుడే ఒళ్లు ఎక్కువగా స్పందించింది. 2014లో ఇంకోటి వచ్చింది: ఐదుగురిని కాపాడటానికి ఒక మనిషిని వంతెన మీంచి రైలు కిందకు తోస్తారా అన్న ప్రశ్న. మాతృభాషలో అడిగితే తోస్తామన్నవాళ్లు సుమారు 20 శాతం, పరాయి భాషలో 33 శాతం. పరాయి భాషలో మనసు అంతగా కదలకపోవడమే దీనికి కారణమన్నది పరిశోధకుల మాట. అమ్మ తిట్లు, బుజ్జగింపులు, భయాలు అన్నీ మొదటి భాషతోనే మనలోకి వస్తాయి. క్లాసులో నేర్చుకున్న భాషకు ఆ తడి తక్కువ. పసితనం నుంచే రెండు భాషలూ విన్నవాళ్లలో ఈ తేడా అంతగా కనిపించకపోవచ్చు.

నేనైతే దీన్ని వాడుకుంటాను. ఎవరిమీదైనా మండిపోతున్నప్పుడు చెప్పాల్సింది ముందు ఇంగ్లీషులో రాసుకుంటాను, సగం దెప్పిపొడుపులు వాటంతటవే రాలిపోతాయి. ఆఫీసులో, డబ్బు లెక్కల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఇంట్లో మాత్రం వద్దు. ఒకసారి మా అమ్మ దగ్గర అలాగే మాట్లాడితే, "ఏంటే, నాకు కూడా ఈఎంఐ ఫోన్ చేస్తున్నావా?" అంది.