షోరూమ్ సాఫ్ట్‌వేర్ మనకివ్వరు, మరి మెకానిక్ కోర్సు ఎందుకు?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు కార్ల షెడ్డు ఉంది. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు, ఐటీఐలో మోటార్ మెకానిక్ చేస్తానంటున్నాడు. కొత్త బండ్లన్నీ కంప్యూటర్లే, కంపెనీల సాఫ్ట్‌వేర్ మాలాంటివాళ్లకు దొరకదు. వాణ్ని ఇందులోకి దింపొచ్చా?

జవాబు: దింపొచ్చండీ. కానీ నేరుగా మీ షెడ్డులోకి మాత్రం వద్దు.

మీ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. ఈ విషయంలోనే, మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకూ అందాలని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ ఆర్డర్‌ను నమ్ముకుని పిల్లవాడి చదువు ప్లాన్ చేయకండి.

నిజానికి ఇంజిన్‌లో లోపం వస్తే బండి కంప్యూటర్ చూపించే కోడ్‌లు చదవడానికి కంపెనీ దయ అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు (స్కానర్‌ను బండి కంప్యూటర్‌తో కలిపే చోటు) మామూలు స్కానర్ పెట్టినా వస్తాయి. తాళం కోడింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ప్రోగ్రామింగ్ లాంటి పనుల దగ్గరే ఎక్కువగా ఇబ్బంది.

అయితే కోడ్ చదవగానే రిపేరు అయిపోదు కదా. ‘పీ0171’ వచ్చిందంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. షోరూమ్ స్కానర్ పెట్టినా కనిపించేది అదే కోడ్. ఎక్కడో గాలి లీకవుతోందా, ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు మురికి పట్టిందా, పంపు ప్రెషర్ తగ్గిందా అన్నది మనిషే తేల్చాలి. కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేసి బిల్లు వేసే షెడ్లు మీ వీధిలోనూ ఉండే ఉంటాయి! మీవాడు అలా తయారు కాకూడదు.

అందుకే మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో చేర్చండి, రెండేళ్లు. చేర్చే ముందు వర్క్‌షాపుకు వెళ్లి చూడండి: బీఎస్-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణాల) ఇంజిన్ ఉందా, పిల్లల్ని దానిమీద చెయ్యి వేయనిస్తున్నారా? మల్టీమీటర్ వాడకం, వైరింగ్ డయాగ్రమ్ చదవడం గట్టిగా నేర్చుకోవాలి. సర్వీస్ మాన్యువల్ అర్థమయ్యేంత ఇంగ్లిష్ కూడా కావాలి. ఆ తర్వాత ఏడాదిపాటు ఏదైనా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌గా పెట్టండి. మీకు దొరకని సాఫ్ట్‌వేర్‌తో అక్కడ ఎలా పని చేస్తారో దగ్గరుండి చూస్తాడు. ఎలక్ట్రిక్ కార్ల హైవోల్టేజ్ బ్యాటరీని మాత్రం విడిగా శిక్షణ తీసుకోకుండా ముట్టుకోనివ్వకండి, ప్రాణాలమీదికి వస్తుంది.

స్కానర్ కోసం ఇప్పుడే అప్పు చేయకండి. వాడు తిరిగొచ్చాక, మీ షెడ్డుకు ఎక్కువగా ఏ కంపెనీ బండ్లు వస్తున్నాయో చూసుకుని కొనండి. కొనేటప్పుడు ఏటా అప్‌డేట్‌కు ఎంత కట్టాలో ముందే అడగండి, ధర చెప్పేటప్పుడు అమ్మేవాళ్లు ఆ మాట ఎత్తరు.