ఆ కుర్రాడు ఏడీ?

అమ్మాయ్,

నార్వే స్కీ జంపింగ్ ఆటగాడు బిర్గర్ రూడ్ మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిలుంది. గీతలు చూసి బెంబేలు పడకు. పనికిరాదనుకుంటే "బాగుందమ్మా" అనేసి ఊరుకునేవాణ్ణి, నా సంగతి నీకు తెలుసు.

ముందు శీర్షిక. "మంచుకొండల పక్షిరాజు" కొట్టేశాను. స్కీ జంపింగ్ చేసేవాడు పక్షిలా పైకి ఎగరడు. కాళ్లకి పొడుగాటి బద్దల్లాంటి స్కీలు కట్టుకుని ర్యాంపు మీద జారుకుంటూ వచ్చి, చివర్న కాళ్లతో ఒక్క తన్ను తన్ని గాల్లోకి పోతాడు. అక్కణ్ణుంచి పడుతూనే ఉంటాడు. కింద కొండ కూడా అదే వాలున దిగిపోతూ ఉంటుంది కాబట్టి నేల అందడానికి అంతసేపు పడుతుంది. మంచు మొహం చూడని మన పాఠకుడికి ఈ నాలుగు ముక్కలు చెబితే చాలు, కొండ కళ్లకు కడుతుంది. గరుత్మంతుణ్ణి పిలవక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఆటలో దూరమొక్కటే లెక్క కాదు. గాల్లో ఎలా నిలిచాడు, నేలకి ఎలా దిగాడు అని న్యాయనిర్ణేతలు వేరే మార్కులు వేస్తారు. 1932 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో మొదటి దూకు తర్వాత ముందున్నది రూడ్ కాదు, హాన్స్ బెక్. అతను 71.5 మీటర్లు దూకితే రూడ్ 66.5 దగ్గరే దిగాడు. రెండో దూకులో రూడ్ 69, బెక్ 63.5. అన్నీ కలిపి చూస్తే రూడ్ గెలిచింది 1.1 పాయింట్ల తేడాతో. బెక్ కూడా రూడ్ ఊరివాడే. నువ్వేమో "అవలీలగా స్వర్ణం సాధించాడు" అని రాశావు. ఎక్కడి అవలీల?

ఆ ఊరి పేరు కాంగ్స్‌బర్గ్ అని చెప్పి వదిలేశావు. వెండి గనుల కోసం 1624లో పుట్టిన ఊరు అది. రూడ్ అన్న సిగ్‌మండ్ 1929లో ప్రపంచ చాంపియన్, తమ్ముడు ఆస్‌బ్యోర్న్ 1938లో. మధ్యలో ఇతను 1931, 1935, 1937. ఒక్క ఇంట్లో ముగ్గురు. నడుం దగ్గర వంగి, చేతులు ముందుకు చాచి, స్కీలు రెండూ జంటగా ఉంచి దూకే పద్ధతికి ఊరి పేరే పెట్టి కాంగ్స్‌బర్గ్ పద్ధతి అన్నారు. దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో సిగ్‌మండ్ ఒకడు. అన్న కనిపెట్టిన భంగిమలో తమ్ముడు గెలవడం నాకైతే పతకం కంటే రుచిగా ఉంది. ఇంకో పేరా రాసినా ఎవరూ తిట్టరు.

ఇప్పుడు అసలు తగాదా. నీ వ్యాసం పతకాల పట్టిక. నీ వయసులో నేనూ అదే చేశాను. ఒక వాలీబాల్ ఆటగాడు పోతే ఆయన గెలిచిన కప్పులన్నీ వరస తప్పకుండా రాసి, అచ్చయ్యాక పత్రిక పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య చదివి, మడిచి, "బానే ఉంది బాబూ, ఇంతకీ ఇది మా ఆయన గురించేనా?" అంది. కాఫీ ఇచ్చింది. నాకు గొంతు దిగలేదు.

పట్టిక పక్కన పెట్టి, పతకం రానివి చూడు. 1936 గార్మిష్ ఒలింపిక్స్‌లో స్కీ జంపింగ్‌కి స్వర్ణం వచ్చింది, రాశావు. అవే ఆటల్లో కొండ మీంచి జారే డౌన్‌హిల్ పందెంలోనూ అతనే మొదట వచ్చాడు, రెండోవాడి కంటే 4.4 సెకన్ల ముందు. కానీ ఆ ఏడాది డౌన్‌హిల్‌కి విడిగా పతకం లేదు, జెండాల మధ్య మెలికలు తిరుగుతూ జారే స్లాలమ్‌తో కలిపే లెక్క. స్లాలమ్‌లో ఒక గేటు, అంటే ఒక జత జెండాల మధ్య దారి, తప్పాడు, ఆరు సెకన్లు జరిమానా పడింది, మొత్తం మీద నాలుగో స్థానం. పతకం లేదని నువ్వు దాన్ని వదిలేశావు. నేనైతే అక్కడే ఆగేవాణ్ణి.

యుద్ధం దగ్గర "విధి వైచిత్రి" అన్నావు, అదీ కొట్టేశాను. 1936లో జర్మనీలో స్వర్ణం, 1943లో జర్మన్ల చేతిలో అరెస్టు. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి ఊరుకో, పాఠకుడికి తెలుస్తుంది. అరెస్టు ఎందుకయిందో మాత్రం చెప్పాలి. నార్వేని ఆక్రమించిన నాజీల అజమాయిషీలో ఆడబోమని అక్కడి క్రీడాకారులు పోటీలు మానేశారు, రూడ్ వాళ్లతో నిలబడ్డాడు. ఓస్లో దగ్గరి గ్రీని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఒక ఆటగాడు ఆడకపోవడం కూడా అతని కెరీర్‌లో భాగమే కదా. 1940, 1944 ఒలింపిక్స్ అసలు జరగనే లేదు. మంచి వయసంతా అలా పోయింది.

తర్వాత 1948, సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్. నువ్వు రాసింది ఒక్క వాక్యం: "36 ఏళ్ల వయసులో రజతం సాధించి ఔరా అనిపించాడు." ఆ "ఔరా" తీసెయ్. అతను అక్కడికి వెళ్లింది శిక్షకుడిగా. పోటీకి ముందు రాత్రి వాతావరణం బాగాలేదు. అనుభవం తక్కువైన ఒక కుర్రాడి బదులు తనే దూకాలని నిర్ణయించుకున్నాడు. మర్నాడు రెండో స్థానం వచ్చింది. మొదటివాడు పెట్టర్ హుగ్‌స్టెడ్, అతనిదీ కాంగ్స్‌బర్గే, రూడ్ కంటే పదేళ్లు చిన్న.

అంతా బానే ఉంది, మరి ఆ కుర్రాడు ఏడీ? ఒలింపిక్స్ దాకా వచ్చి, స్కీలు సిద్ధం చేసుకుని, రాత్రికి రాత్రి చోటు పోగొట్టుకున్నవాడు. నీ వ్యాసంలో వాడి నీడ కూడా లేదు. రూడ్ చేసింది బాధ్యతా, ఆశా? రెండూ కావచ్చు. నువ్వు తేల్చకు. ఆ కుర్రాణ్ణి కొండ కింద నిలబెట్టి, పైనుంచి శిక్షకుడు దూకుతుంటే చూడనివ్వు. మనసులో ఏమనుకున్నాడో మాత్రం అల్లకు, అది మనకు తెలిసిన విషయం కాదు.

రెండో ప్రతి ఆ రాత్రితో మొదలుపెట్టి పంపు. వాట్సాప్‌లో వద్దు, ప్రింటు తీసి పోస్టులో వెయ్యి. ఫోన్‌లో చదివితే కళ్లు మండుతున్నాయి, పైగా పెన్సిలు ఆనదు.

మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు