బంతి లేని చోట చూడండి

ఫుట్‌బాల్‌లో పన్నెండేళ్లు రైట్ బ్యాక్‌గా, అంటే కుడి వైపు డిఫెండర్‌గా ఆడాను. ఇప్పుడు పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. ఈ నెల నాకొచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టీవీ ముందు జరిగిన ఇంటి గొడవలే. తీర్పు చెప్పమని అడిగారు కాబట్టి, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ప్రశ్న: మా వారు మ్యాచ్ చూస్తూ లైన్‌మన్ జెండా ఎత్తకముందే చెయ్యెత్తి "ఆఫ్‌సైడ్!" అని అరుస్తారు. అదేమిటండీ అంటే "నీకు చెప్పినా అర్థం కాదులే" అంటారు. నాకు అర్థమయ్యేలా చెప్పండి. వచ్చే మ్యాచ్‌లో ఆయనకంటే ముందు నేనే అరవాలి.

జవాబు: తప్పకుండా అరుద్దురు గానీ, ముందు ఇది వినండమ్మా. ఒక ఆటగాడు బంతిని తన్నిన క్షణంలో, దాన్ని అందుకోబోయే అతని జట్టువాడు ఎక్కడ ఉన్నాడో చూడాలి. అతను ఎదుటి జట్టు సగంలో ఉండి, బంతికంటే ముందు, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడికంటే కూడా ముందు ఉంటే ఆఫ్‌సైడ్. చివరివాడు మామూలుగా గోల్‌కీపరే కాబట్టి, ఆ రెండోవాడు ఆఖరి డిఫెండర్ అవుతాడు. ఇద్దరూ సమానంగా ఉంటే తప్పు లేదు, 1990 నుంచి నిబంధన అదే. చేతులు లెక్కలోకి రావు. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ అనేదే లేదు. ఈ ఆఖరి మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఈసారి త్రో ఇన్‌కి ఆయన చెయ్యి లేచిందంటే గెలుపు మీదే.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. అందరి కళ్లూ బంతి వెంట పోతాయి. బంతి చేరేలోపు స్ట్రైకర్ నాలుగడుగులు ముందుకు ఉరికి ఉంటాడు కాబట్టి, చూసేవాళ్లకి అది ఆఫ్‌సైడ్‌లాగే కనబడుతుంది. మీరు మాత్రం డిఫెండర్ల వరుస మీదే కన్ను ఉంచండి. కాలు బంతికి తగిలిన క్షణంలో ఎవరు ఎక్కడున్నారో అదే లెక్క.

ఆ వరుస ఎంత పని చెయ్యగలదో చూడాలంటే 2022 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా, సౌదీ అరేబియా మ్యాచ్ పెట్టుకోండి. సౌదీ డిఫెండర్లు గోల్ దగ్గర కాకుండా దాదాపు సగం గీత దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మెస్సీ పెనాల్టీతో అర్జెంటీనాకు ఒక గోల్ వచ్చింది. ఆ తర్వాత మొదటి సగంలోనే మెస్సీ ఒకసారి, లౌటారో మార్టినెజ్ రెండుసార్లు బంతిని నెట్‌లోకి పంపారు. మూడూ ఆఫ్‌సైడే. అందులో ఒక్కటి చెల్లినా కథ వేరేగా ఉండేది. సౌదీ 2-1తో గెలిచింది, ఆ అర్జెంటీనాయే చివరికి కప్పు కొట్టింది. ప్రాణాలకు తెగించి కట్టిన గీత అది. నాకు ఆ మొదటి సగం ఇప్పటికీ గుండె దడతోనే గుర్తొస్తుంది.

ప్రశ్న: మా నాన్నమ్మకు ఎనభై దాటాయి. పెనాల్టీ షూటౌట్ వస్తే చాలు, "ఆ గోలీ అటూ ఇటూ దూకకపోతే ఏం? నడిమధ్యన నిలబడొచ్చుగా?" అంటుంది. ఇంటిల్లిపాదీ నవ్వుతాం. మీరైనా ఆవిడకు చెప్పండి.

జవాబు: నవ్వడం ఆపి ముందు ఆవిడకు సారీ చెప్పు నాయనా. నాన్నమ్మ గారూ, మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. దాని మీద పరిశోధనే జరిగింది.

పెనాల్టీ గుర్తు గోల్ గీతకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ 11 మీటర్లు దాటడానికి 0.4 సెకను పడుతుంది. చూసి దూకుదామంటే టైమ్ చాలదు. అందుకే కీపర్ ముందే ఒక పక్క నిర్ణయించుకుని దూకేస్తాడు.

ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీలను పరిశీలించి 2007లో ఫలితం ప్రచురించారు. దాదాపు 29 శాతం కిక్‌లు మధ్య భాగానికే వచ్చాయి. కీపర్లు మధ్యలో నిలబడింది మాత్రం 6.3 శాతం సార్లే. నిలబడినప్పుడు మూడింట ఒకటి ఆపారు. ఎడమకు దూకితే ఆపింది 14 శాతం, కుడికి దూకితే 13 శాతం కూడా లేదు. మరి ఎందుకు నిలబడరు? దూకి గోల్ ఇస్తే "పాపం, ప్రయత్నించాడు" అంటారు. నిలబడి గోల్ ఇస్తే "చూస్తూ నిలబడ్డాడు" అంటారు. ఆ రెండో మాట పడలేక దూకుతారని పరిశోధకుల వివరణ. నేను దాన్ని నమ్ముతాను, ఎందుకంటే మా కీపర్లను తిట్టిన నోళ్లు నేను విన్నాను.

ఒక్క విషయం నిజాయితీగా చెప్పాలి. 286లో 6.3 శాతం అంటే పద్దెనిమిది కిక్‌లే. చిన్న లెక్క అది. పైగా కీపర్లంతా నిలబడటం మొదలుపెడితే తన్నేవాళ్లు మూలలకు తప్ప కొట్టరు. కాబట్టి ప్రతిసారీ నిలబడమని నేను చెప్పను, అప్పుడప్పుడూ నిలబడమంటాను. మా పిల్లల జట్టు కీపర్‌కు ఐదు కిక్‌లలో ఒకదానికి కదలొద్దని చెబుతాను.

మధ్యకు కొట్టేవాళ్లకీ గుండె ధైర్యం కావాలి. 1976 యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్లో చెకోస్లొవాకియా ఆటగాడు ఆంటోనిన్ పనెంకా, పశ్చిమ జర్మనీ కీపర్ సెప్ మేయర్ పక్కకు దూకేదాకా ఆగి బంతిని నెమ్మదిగా మధ్యలోకి ఎత్తి వేశాడు. కప్పు తేల్చిన కిక్ అది. ఇప్పటికీ ఆ దెబ్బను పనెంకా అనే పిలుస్తారు. ఆ రోజు మేయర్ మీ మాట విని నిలబడి ఉంటే, నాన్నమ్మ గారూ, ఆ బంతి చేతుల్లోకే వచ్చేది.

ప్రశ్న: స్క్రీన్ మీద 70 శాతం పొసెషన్ (బంతి ఒక జట్టు దగ్గర ఉన్న సమయం) అని కనబడగానే మా నాన్న "అయిపోయింది, వీళ్లే గెలుస్తారు" అని రిమోట్ పక్కన పెడతారు. నేను కాదంటాను. ఓడినవాళ్లు వారం రోజులు గిన్నెలు కడగాలని పందెం. కాస్త నా పక్షాన రాయండి.

జవాబు: తమ్ముడూ, పందెం నీదే, నాన్నగారికి ఇది చూపించు. 2022 వరల్డ్ కప్‌లోనే స్పెయిన్, మొరాకో మ్యాచ్. స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఆడింది. బంతి చాలా ఎక్కువసేపు వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. 120 నిమిషాల్లో గోల్ లోపలికి వెళ్లే దారిలో కొట్టిన షాట్ ఒకే ఒక్కటి. షూటౌట్‌లో స్పెయిన్ కొట్టిన ఒక్క పెనాల్టీ కూడా గోల్ కాలేదు, మొరాకో గెలిచింది. ఆఖరి కిక్ మొరాకో ఆటగాడు హకీమీది, అదీ పనెంకాయే.

ఇక్కడ తప్పు పాస్‌లది కాదు, చోటుది. మొరాకో ఆటగాళ్లు బంతి కోసం వెంటపడలేదు. మధ్య దారి మూసి, వరుసలు దగ్గరగా పెట్టి, "పక్కలకు ఎంతసేపైనా ఆడుకోండి, లోపలికి మాత్రం రానివ్వం" అన్నట్టు నిలబడ్డారు. డిఫెండర్ల ముందు అమ్రాబత్ ఒక్కడే తలుపుకు గడియలా ఉన్నాడు. అలాంటప్పుడు పొసెషన్ శాతం అంటే బంతి ఎవరి దగ్గర ఉందన్నదే. ఆట ఎవరికి కావలసినట్టు నడుస్తోందో ఆ అంకె చెప్పదు.

లెస్టర్ సిటీ 2015-16లో ఇంగ్లండ్ లీగ్ గెలిచింది. 38 మ్యాచ్‌ల్లో 81 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్ కంటే పది ఎక్కువ. బంతి తక్కువసేపు ఉంచుకున్న జట్లలో అదొకటి. కాంటే బంతి లాక్కోవడం, మారెజ్ ఒక్క పాస్ వెయ్యడం, వార్డీ పరుగెత్తడం. మూడు ముక్కల్లో ఆట అంతే.

శాతం బదులు చూడాల్సిన అంకె కావాలంటే ఎక్స్‌జీ చూడండి. ప్రతి షాట్‌కూ అది గోల్ అయ్యే అవకాశం సున్నా నుంచి ఒకటి మధ్య ఎంతో లెక్కగడతారు. పెనాల్టీకి ముప్పావుకు కాస్త పైన. ముప్పై మీటర్ల నుంచి ఆశతో కొట్టిన షాట్‌కు సున్నాకు దగ్గరగా. ఎన్నిసార్లు కొట్టారన్నదాని కంటే ఎక్కడి నుంచి కొట్టారన్నది దీంట్లో తెలుస్తుంది. అయితే ఏ అంకే సర్వం కాదు. 2014 వరల్డ్ కప్ సెమీఫైనల్లో బ్రెజిల్ 1-7తో ఓడినప్పుడు జర్మనీ కంటే బ్రెజిలే ఎక్కువ షాట్లు కొట్టింది, బంతి కూడా కొంచెం ఎక్కువసేపే ఉంచుకుంది. కానీ 23వ నిమిషం నుంచి 29వ నిమిషం లోపు నాలుగు గోల్స్ పడ్డాయి. ఆ ఆరు నిమిషాల్లో బ్రెజిల్ మిడ్‌ఫీల్డ్‌కు, డిఫెన్స్‌కు మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తే ఏ అంకే అక్కర్లేదు. కప్పులో ఓడిపోతున్న పిల్లల్లా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు ఇంకా కళ్లముందే ఉంది.

గిన్నెలు మాత్రం ఇద్దరూ కలిసి కడగండి, అప్పుడైతే మ్యాచ్ గురించి ఇంకో అరగంట మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: నేను సోఫాలోంచి లేచినప్పుడల్లా గోల్ పడుతోంది. మా ఆయన, పిల్లలు కలిసి నన్ను కుర్చీకి కట్టేస్తామంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: 2022 వరల్డ్ కప్‌లో 64 మ్యాచ్‌లకు 172 గోల్స్, అంటే మ్యాచ్‌కు మూడు కూడా లేవు. మీరు లేచినా గోల్ పడనివి ఎన్నో ఉంటాయి, అవి ఎవరికీ గుర్తుండవు. దెబ్బ తగిలి ఫిజియో లోపలికి పరుగెత్తినప్పుడు లేవండి. కార్నర్ వచ్చిందంటే మాత్రం ఎంత పనున్నా కూర్చోండి.

ప్రశ్న: నాకు పదమూడేళ్లు. స్ట్రైకర్ అవుదామనుకుంటే మా కోచ్ నన్ను రైట్ బ్యాక్‌లో పెట్టారు. గోల్ కొట్టే ఛాన్సే రాదు. ఇంట్లో మా అన్న "గోడలా నిలబడేవాడివి" అని ఏడిపిస్తున్నాడు.

జవాబు: కన్నా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ వయసులో నన్నూ అక్కడే పెట్టారు.

మా కోచ్ సార్ మా నలుగురు డిఫెండర్ల నడుములకూ ఒకే తాడు కట్టి మైదానమంతా నడిపించేవారు. బంతి ఉండేది కాదు. సార్ చెయ్యి ఎటు చూపిస్తే అటు కదలాలి. ఒకడు వెనకబడితే తాడు బిగుసుకునేది, సాయంత్రానికి నడుము మీద ఎర్రటి గీత. నాకు అప్పుడు మహా కోపంగా ఉండేది. తర్వాత ఒక సెమీఫైనల్లో బంతిని చూస్తూ ఒక్క అడుగు వెనక ఉండిపోయాను. మిగతా ముగ్గురూ ముందుకు జరిగారు. నా ఒక్క అడుగు వల్ల వాళ్ల స్ట్రైకర్ ఆన్‌సైడ్ అయ్యాడు, గోల్ కొట్టాడు, మేము 0-1తో ఓడిపోయాం. బస్సులో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తాడు ఎందుకు కట్టారో ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు లిలియన్ తురామ్ సంగతి విను. ఫ్రాన్స్ రైట్ బ్యాక్. 1998 వరల్డ్ కప్ సెమీఫైనల్, క్రొయేషియాతో. రెండో సగం మొదలవగానే తురామ్ సరిగ్గా నాలాగే వరుస కంటే వెనక ఉండిపోయాడు. క్రొయేషియా స్ట్రైకర్ షుకర్ ఆన్‌సైడ్ అయ్యాడు, గోల్ కొట్టాడు. సొంత దేశంలో, సెమీఫైనల్లో, అందరి ముందూ. ఒక్క నిమిషంలోనే తురామ్ ముందుకు ఉరికి బంతి లాక్కుని, వన్-టూ ఆడి (జట్టువాడికి బంతి ఇచ్చి వెంటనే తిరిగి అందుకుని) సమం చేశాడు. మరో ఇరవై నిమిషాల తర్వాత పెనాల్టీ బాక్స్ బయటి నుంచి ఎడమ కాలితో ఇంకోటి కొట్టాడు. ఫ్రాన్స్ 2-1తో ఫైనల్‌కు వెళ్లి కప్పు గెలిచింది. అతను దేశం తరఫున మొత్తం 142 మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన గోల్స్ రెండే, ఆ రాత్రివే.

మీ అన్నకు ఇంకో మాట చెప్పు. 2006లో ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ ఇటలీ డిఫెండర్ కన్నవారోకు వచ్చింది. ఆ వరల్డ్ కప్‌లో ఇటలీ ఏడు మ్యాచ్‌లు ఆడి రెండే గోల్స్ ఇచ్చింది. ఒకటి సెల్ఫ్ గోల్, రెండోది పెనాల్టీ.

రేపు ప్రాక్టీస్‌లో ఒక పని చెయ్యి. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు, కొన్ని సెకన్లకోసారి తల తిప్పి నీ పక్కనున్న సెంటర్ బ్యాక్ ఎక్కడున్నాడో చూడు. ఎన్నిసార్లు మీరిద్దరూ ఒకే గీత మీద ఉన్నారో, ఎన్నిసార్లు లేరో లెక్కపెట్టి, ఆ రెండు అంకెలూ నాకు ఉత్తరం రాయి.