మొదటి సీజన్ చూసి కుర్రాడిని కొట్టిపారేయొచ్చా?

ప్రశ్న: మేం మేరీల్యాండ్‌లో ఉంటాం. మా అబ్బాయికి బేస్‌బాల్ పిచ్చి, వాడి పుణ్యమా అని నాకూ కొంచెం అంటుకుంది. వాడు బోలెడు ఆశ పెట్టుకున్న ఒక షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్ (జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం) అయినవాడు, మైనర్ లీగుల్లో, అంటే పెద్ద లీగుకు కింది మెట్లలో, బ్యాటింగ్ సగటు .210 దగ్గరే ఆగిపోయాడు. "ఇక వీడి పని అయిపోయింది" అంటున్నాడు మావాడు. నిజమేనా? ఇలాంటి కుర్రాళ్లను దేన్నిబట్టి అంచనా వేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీవాడు తొందరపడుతున్నాడండీ. అలాగని "ఓపిక పట్టు, అన్నీ అవే సర్దుకుంటాయి" అనేయడం కూడా తొందరపాటే.

ఇలాంటప్పుడు అందరూ ఎత్తుకునే పేరు షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్. 1992 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జట్టు యాంకీస్ అతన్ని 6వ ఎంపికగా తీసుకున్నారు. ఆ వేసవిలో మైనర్ లీగుల్లో అట్టడుగు మెట్టయిన రూకీ లీగ్‌లో 47 ఆటలాడి కొట్టింది .202, అంటే ఐదుసార్లకు ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్‌కు చేరడం). మరుసటి ఏడు మైనర్ లీగ్ జట్టు గ్రీన్స్‌బరోలో 56 ఎర్రర్లు (ఫీల్డింగ్ పొరపాట్లు) చేశాడు. తర్వాత 1996లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు), మొత్తం కెరీర్‌లో 3,465 హిట్లు. బాగానే ఉంది, కానీ ప్రతి .202 గాడికీ ఈ కథ తగిలించడం నాకు నచ్చదు. అలాగే మొదలుపెట్టి రెండు మూడేళ్లకు ఇంటికెళ్లిపోయినవాళ్లే ఎక్కువ, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. జీటర్ విషయంలో నేను చూసేది ఇంకొకటి: అన్ని ఎర్రర్లు చేసిన ఆ 1993లోనే బ్యాటింగ్ .295కి వచ్చింది. ఫీల్డింగ్ ఇంకా కుదరలేదు, బ్యాట్ మాత్రం కదిలింది.

మీ మేరీల్యాండ్ జట్టువాడి సంగతే తీసుకోండి. షార్ట్‌స్టాప్ జాక్సన్ హాలిడే 2022 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక, 2023లో మైనర్ లీగుల్లో నాలుగు స్థాయిలు దాటుకుంటూ పైకొచ్చాడు, 2024 ఏప్రిల్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టులోకి తీసుకుంటే మొదటి 10 ఆటల్లో 34 ఎట్-బ్యాట్లకు (బ్యాటింగ్ ప్రయత్నాలకు) 2 హిట్లు. వెనక్కి మైనర్ లీగ్ జట్టు నార్ఫోక్‌కు పంపించారు. అప్పుడు జనమంతా ఆ రెండు హిట్ల గురించే మాట్లాడారు, నన్నడిగితే అసలు టెన్షన్ పడాల్సింది 18 స్ట్రైకౌట్ల గురించి, అంటే మూడు స్ట్రైక్‌లు పడి అవుటవడం. బాగా కొట్టిన బంతి కూడా ఫీల్డర్ చేతుల్లోకి వెళ్లొచ్చు, అది అదృష్టం. స్ట్రైకౌట్‌లో అదృష్టం పాత్ర చాలా తక్కువ. ఆ ఏడాది ముగిసేసరికి బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతి మూడుసార్లలో దాదాపు ఒకసారి స్ట్రైకౌటే, సగటు .189. 2025లో స్ట్రైకౌట్లు పావు వంతు కంటే కిందికి దిగాయి, .242 కొట్టాడు, 17 హోమ్ రన్లు (బంతిని మైదానం కంచె దాటించడం). స్టార్ అయిపోయాడని అనను, కానీ కదలాల్సిన అంకె కదిలింది.

కాబట్టి మీవాడితో ఆ .210 పక్కనపెట్టి మిగతావి చూడమనండి. స్ట్రైకౌట్లు ఎన్ని, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే బేస్‌కు చేరడం) ఎన్ని, నెలనెలకూ ఎటు పోతున్నాయి. ఆ కుర్రాడి వయసెంత, అతనికి బంతులేసేవాళ్ల వయసెంత? పద్దెనిమిదేళ్లవాడు ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల కాలేజీ పిచర్లను ఎదుర్కొంటూ .210 కొడితే ఒక రకం, అదే లీగ్‌లో ఇరవై మూడేళ్లవాడు కొడితే పూర్తిగా వేరే రకం. పైగా స్కూల్లో అల్యూమినియం బ్యాట్‌తో ఆడి ఇక్కడ చెక్క బ్యాట్ పట్టుకోవాలి, రోజూ ఆట, రాత్రిళ్లు బస్సు ప్రయాణాలు. ఇక బంతి గట్టిగా తగులుతోందా లేదా అన్నది మరీ ముఖ్యం. థర్డ్ బేస్‌మన్ మైక్ ష్మిట్ 1973లో ఫిలడెల్ఫియాకు .196 కొట్టాడు, స్ట్రైకౌట్లు 136, నేను పైన చెప్పిన లెక్క ప్రకారం భయపడాల్సిన కేసే! కానీ అదే ఏడాది 18 హోమ్ రన్లున్నాయి. మరుసటి ఏడు 36 కొట్టి లీగ్‌లోనే మొదట నిలిచాడు. బలం కనిపిస్తుంటే స్ట్రైకౌట్లను కొంత సహించొచ్చు, బలమూ లేక బంతీ తగలకపోతే మాత్రం మీవాడి మాటే నిజం కావచ్చు.

ప్రశ్న: షార్ట్‌స్టాప్‌ను సెకండ్ బేస్‌కు మారిస్తే అతని మీద నమ్మకం పోయినట్టేనా?
– మరో పాఠకురాలు

జవాబు: అన్నిసార్లూ కాదు. హాలిడేను ఎక్కువగా సెకండ్ బేస్‌లో ఆడించింది షార్ట్‌స్టాప్‌లో గన్నర్ హెండర్సన్ ఉన్నాడు కాబట్టి. ఖాళీ లేక మార్చడం వేరు, అడుగులు చాలక మార్చడం వేరు. రెండోదైతే ఇంకో చిక్కుంది: షార్ట్‌స్టాప్ కొంచెం తక్కువ కొట్టినా జట్టు సర్దుకుంటుంది, అదే కుర్రాడు ఫస్ట్ బేస్ దాకా జరిగితే ఆ బ్యాటింగ్ చాలదు. ఎర్రర్ల సంఖ్యను మాత్రం పద్దెనిమిదేళ్లప్పుడు పెద్దగా పట్టించుకోకండి. విసురు అదుపు తప్పి చేసిన ఎర్రర్లు కోచింగ్‌తో తగ్గుతాయి, బంతి దగ్గరికే చేరలేనివాడికైతే ఎర్రర్ కూడా రాయరు.