రొయ్యల పొట్టు చదువు సరే, ఆ నీళ్ళ సంగతేంటి?

పూసపాటిరేగ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా గుంట బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. రొయ్యల పొట్టుతో కైటోసాన్ తయారుచేస్తే పర్యావరణానికి మేలని, పైచదువు దాని మీదేనని పట్టుబట్టింది. ఇందులో బతుకుతెరువు ఉందా, ఉత్త మోజా?"

మోజు కాదండీ, కాకపోతే సగమే చూసింది. రొయ్య ఒలిస్తే తలా పొట్టూ కలిపి దాదాపు సగం బరువు పోతుంది, దాన్ని రెండు రోజులు అలాగే వదిలేస్తే వచ్చే కంపు గురించి సముద్రం పక్కనున్న మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రపంచం మొత్తం మీద రొయ్య, పీత లాంటి వాటి పొట్టు, డొల్లలు ఏటా 60 నుంచి 80 లక్షల టన్నులు పోగవుతున్నాయని అంచనా. అందులోని కైటిన్ (పొట్టులో ఉండే పీచు లాంటి పదార్థం) తోనే కైటోసాన్ చేస్తారు, దాన్ని గాయాల నుంచి కారే రక్తం ఆపే పట్టీల్లోనూ మురికినీరు తేర్చడానికీ వాడతారు. మోకాళ్ళ నొప్పులకి మన పెద్దవాళ్ళు మింగే గ్లూకోసమైన్ బిళ్ళలు కూడా చాలావరకు ఈ పొట్టు చలవే.

ఈ ఆదివారం ఇంట్లో రొయ్యలు వండితే నాలుగు పొట్టు ముక్కలు గాజు గ్లాసులో వేసి, మునిగేలా వెనిగర్ పొయ్యమనండి. సన్నటి బుడగలు లేస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. మర్నాటికి పెళుసు పొట్టు మెత్తబడి వేళ్ళ మధ్య వంగుతుంది, సున్నం కరిగిపోయింది కాబట్టి. ఫ్యాక్టరీలో వెనిగర్ బదులు హైడ్రోక్లోరిక్ యాసిడ్, ప్రొటీన్ వదలగొట్టడానికి కాస్టిక్ సోడా, కైటిన్‌ని కైటోసాన్ చెయ్యడానికి మళ్ళీ కాస్టికే, ఈసారి 40-50 శాతం గాఢతలో, బాగా మరిగించి, ప్రతిసారీ నీళ్ళు పోసి కడుగుతూ. ఇప్పుడు ఆ గ్లాసు చూపించి అడగండి, ఈ నీళ్ళు ఎక్కడ పారబొయ్యాలమ్మా అని.

ఉద్యోగం ఉన్నది అక్కడే. యాసిడ్, కాస్టిక్ కలిసి ఉప్పుగా మారిన ఆ కడుగు నీళ్ళు శుద్ధి చెయ్యకుండా గెడ్డలో కలిపితే పొట్టు కుప్ప కంటే అన్యాయం. యాసిడ్ తగ్గించడానికి లాక్టిక్ యాసిడ్ బాక్టీరియాతో (పెరుగు తోడుకునే జాతే) పొట్టుని పులియబెట్టే పద్ధతులున్నాయి, కానీ నెమ్మది, పైగా సున్నం, ప్రొటీన్ పూర్తిగా వదలవు.

అందుకని పీజీ ప్రవేశపరీక్ష పీజీసెట్ రాయించి, ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వైపు చూడమంటాను. సెలవుల్లో ఏదైనా ఈటీపీ (ఫ్యాక్టరీ మురికినీరు శుద్ధి చేసే ప్లాంటు) ల్యాబ్‌లో ఒక నెల బీవోడీ, సీవోడీ పరీక్షలు (నీళ్ళలో మురికి ఎంతుందో కొలిచేవి) తన చేత్తో చేసి చూడాలి. కైటోసాన్ కలిసిరాకపోయినా ఆ పనితనం పైడిభీమవరం మందుల కంపెనీల్లోనూ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోనూ పనికొస్తుంది. చేపల టెక్నాలజీకి కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్ట్ ఉంది కదా, దాని కేంద్రం విశాఖలోనే ఉంది, ట్రైనింగ్ ఏమైనా ఇస్తారేమో వెళ్ళి కనుక్కోండి.

మూడు నెలల్లో కైటోసాన్ వ్యాపారం నేర్పిస్తామని ఫీజు అడిగేవాళ్ళు తగిలితే, ముందు మీ ఈటీపీ చూపించండి అనండి, మొహాలు చూస్తే మీకే తెలిసిపోతుంది. సొంత యూనిట్ మాట ఆ పిల్ల మూడేళ్ళు ఎక్కడో ఒకచోట పనిచేశాక చూద్దాం, అప్పటిదాకా పొలం కాగితాలు బీరువాలోంచి తియ్యకండి.