ముందు ఉత్తరాలా, పుస్తకాలా?

ప్రశ్న: అమెరికా కొండల గురించి రాసిన జాన్ మ్యూర్‌ని చదవాలనుంది. పుస్తకాలతో మొదలుపెట్టాలా, ఉత్తరాలతోనా? – ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉత్తరాలతోనే మొదలుపెట్టండమ్మా. ఆయన 1869 వేసవిలో గొర్రెల మంద వెంట కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలెక్కాడు, కానీ ఆ ముచ్చట్లు పుస్తకంగా వచ్చింది 1911లో, అంటే నలభై ఏళ్లు దాటాక, అందుకే అందులో వాక్యాలు చెక్కినట్టుంటాయి. (అన్నట్టు, పచ్చికంతా మేసేస్తున్నాయని ఆ గొర్రెల్నే 'గిట్టలున్న మిడతలు' అని తిట్టాడు, పాపం!) జీన్ కార్ అనే స్నేహితురాలికి రాసిన ఉత్తరాల్లో ఆ చెక్కుడు లేదు, మనిషి గొంతు అలాగే వినిపిస్తుంది. ఒకదాన్నైతే సెకోయా అనే మహావృక్షం ఊదారంగు రసాన్నే సిరాగా చేసుకుని రాశాడు, పైన ఊరి పేరు 'స్క్విరెల్‌విల్', అంటే మన లెక్కలో ఉడతలపల్లె! నాకైతే అది చదివి నవ్వాగలేదు.

ఆ సియెర్రా కొండల్లోని యోసెమిటీ లోయ నేల కుంగి ఏర్పడిందని పెద్ద భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ అంటే, కాదు, హిమానీనదాలే కోశాయని ఈయన వాదించాడు. ఆ వాదం చాలావరకు నిలబడింది. పుస్తకాల్లోకి వెళ్లాక మాత్రం 1874 డిసెంబరు గాలివాన వ్యాసం వదలకండి, చెట్టు చిటారు కొమ్మకెక్కి గంటల తరబడి ఊగాడు మహానుభావుడు.