నెలకే పనిలోకి వెళ్తానంటున్న చిన్నీకి

చిన్నీ,

కాన్పయిన నెలకే పనిలోకి వెళ్లిపోతానన్నావట, మీ అమ్మ చెప్పింది. అల్లుడి జీతం అద్దెకే సరిపోతుందని, బిడ్డ పుట్టకముందే ఖర్చులన్నీ కాగితం మీద రాసిపెట్టుకున్నావని విని మురిసిపోయాను. నీ వయసులో మాకెవరికీ అంత ముందుచూపు లేదు. అయినా గుండె దడగానే ఉంది.

సెలవు నోటిమాటగా అడక్కు, రాసిచ్చి ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. చెకప్‌లు మానకు. బరువులెత్తకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియంది ఒకటుంది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మది రోజుకూలీ. మానేస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుందని ఒళ్లు ఇంకా పచ్చిగా ఉండగానే వెళ్లిపోయింది, అందరూ గట్టి మనిషన్నారు. పనిలో పాలు చేపుకొచ్చి బట్టలు తడిసిపోతే ఎవరూ చూడకుండా బాత్రూంలో పిండుకుని వచ్చి మళ్లీ పనిలో కూర్చునేది. రాత్రి నువ్వు ఆదమరిచి నిద్రపోతుంటే, నీ పొట్ట కదులుతోందా లేదా అని తెల్లవార్లూ చూస్తూ ఉండేది. పడుకోవే అంటే పడుకునేది, కునుకు మాత్రం పట్టేది కాదు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, నేను లేకపోతేనే పిల్ల బాగుంటుందేమో అంది, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు. ఇంట్లో పెద్దవాళ్లు డబ్బు దిగులన్నారు, బాలింత నీరసమన్నారు, అదే పోతుందన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి నువ్వు పాకుతున్నావు. బిడ్డ నిద్రపోయినప్పుడైనా నీకు నిద్రపడుతోందా అని డాక్టరమ్మ అడిగితే అప్పుడు ఏడ్చింది, అన్ని నెలల్లో మొదటిసారి. మందులు వాడింది, మాట్లాడించారు, కోలుకుంది. ఈ సంగతి ఎత్తి మీ అమ్మను ఏమైనా అన్నావో, ఊరుకోను.

కాన్పయ్యాక నాలుగైదు రోజులకు ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా, నిద్ర రాకపోయినా డాక్టరుకు చెప్పాలి. కాన్పు తర్వాత వచ్చే ఈ దిగులు జబ్బు మొదటి నెలలోనే రావాలని కూడా లేదు, ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. ఈ దిగులు ఉందో లేదో చూడటానికి ఎడిన్‌బరో స్కేల్ అని 1987 నుంచి వాడుతున్న పది ప్రశ్నల కాగితం ఉంది, గడిచిన వారం రోజులు ఎలా ఉన్నావని అడుగుతారు. తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది ఆఖరి ప్రశ్న. దానికి మొహమాటపడి లేదని చెప్పకు తల్లీ. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి, ఆ భయమూ వద్దు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించినా, లేనిపోనివి కనిపించినా మాత్రం మర్నాటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఇది నీకంటే అల్లుడికి తెలియాలి, ఎందుకంటే అప్పుడు నీకు తెలియదు.

ఇక కాన్పు సెలవు సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో తెచ్చిన 183వ ఒప్పందం కనీసం 14 వారాలు ఇవ్వాలంటుంది, అందులో కాన్పు తర్వాత ఆరు వారాలు తప్పనిసరి. నువ్వనే నెల ఆ ఆరు వారాలకు కూడా చాలదు. చాలా దేశాలు దానికి ఒప్పుకోలేదని, ఒప్పుకున్నచోట కూడా ఇళ్లలో పనిచేసేవాళ్లకు, రోజుకూలీలకు అందేది తక్కువని తెలుసు. తెలిసే చెప్తున్నాను. డబ్బు లేనివాళ్లకు దిగులు కూడా సోమరితనంలాగే కనిపిస్తుంది లోకానికి, అందుకే నువ్వు గట్టిగా అడగాలి. జీతం లేకపోయినా ఇంకో రెండు వారాలు ఇవ్వమను, తర్వాత కొన్నాళ్లు సగం పూట రానివ్వమను. తప్పక తొందరగానే వెళ్లాల్సి వస్తే, రాత్రి ఒక దఫా బిడ్డను పూర్తిగా అల్లుడే చూసుకోవాలి. నీకు ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర ఉండి తీరాలి, ఇందులో బేరం లేదు.

మీ పైవాళ్లు ఏమన్నారో ఈ వారంలో ఫోన్ చేసి చెప్పు. కుదరదంటే నేనొచ్చి మాట్లాడతాను, నీకు సిగ్గనిపించినా సరే.

మీ పెద్దమ్మ